ఉస్కో అంటే పడుకున్న కుక్క

మా అత్త ఇసుక మీద ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల మీద ఒట్టు, నాకు అన్నం పెట్టిన కెమెరా మీద ఒట్టు, ఈ రాయబోయేదాంట్లో ప్రతి అక్షరమూ నిజం. ఒట్టు ముందుగానే ఎందుకు వేస్తున్నానంటే, మా వాళ్ళలో నాకున్న పేరు 'కతలోడు'. వాన పడుతోందని నేను కేకేస్తే మా ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి చూసుకుని గానీ దండెం మీది బట్టలు తియ్యదు. (ఒకసారి నిజంగానే పడింది. బట్టలన్నీ తడిశాయి. 'నమ్మేటట్టు చెప్పొచ్చు కదా' అని తిట్లు నాకే పడ్డాయి.) అందుకని ఈసారి నమ్మేటట్టే చెబుతాను.

ఆ రోజుల్లో ఫోటో అంటే ఇప్పటిలా అన్నం ముందు కూర్చుని పప్పుకొకటి, పులుసుకొకటి తీసుకునే వ్యవహారం కాదు. రీలుకు ముప్పై ఆరు. అందులో కళ్ళు మూసుకున్నవి, తల తెగినవి, పెళ్ళికొడుకు బదులు వెనకాల ఫ్యాను పడినవి పోగా మిగిలినవే మన అదృష్టం. అప్పుడు నాకు పందొమ్మిదో ఇరవయ్యో. కావలి దగ్గర ఒక చిన్న స్టూడియోలో పని. పని అంటే ఫోటోలు తియ్యడం అనుకునేరు. వచ్చినవాళ్ళకి దువ్వెన, పౌడరు అందించడం, వెనక తెర మీద ఉన్న కాశ్మీరు కొండలకు ముడతలు పడకుండా లాగి పట్టుకోవడం, పెళ్ళిళ్ళలో గొడుగు లైటు మొయ్యడం. మా ఓనరుని అందరూ 'రెడీ అన్న' అనేవాళ్ళు. 'రెడీ' అనేవాడు, ఆ తర్వాత ఒక యుగం గడిచాక గానీ నొక్కేవాడు కాదు. ఆ మధ్యలో జనం నవ్వి, నవ్వు ఆరిపోయి, మామూలు మొహాలకొచ్చేవాళ్ళు. మా వైపు పాత పెళ్ళి ఆల్బముల్లో అందరూ ఏదో బాధలో ఉన్నట్టు కనిపించడానికి కారణం అదే.

కెమెరా నా చేతికివ్వమని ఆ అన్నని ఒక ఏడాదిపాటు వేధించాను. చివరికి విసిగిపోయి అన్నాడు. "పెళ్ళిలో మనుషులు నిలబడమంటే నిలబడతారబ్బయా. దాంట్లో ఏముంది గొప్ప? మాట వినందాన్ని దేన్నన్నా కదలకుండా కూర్చోబెట్టి, తీసి చూపించు. అప్పుడిస్తా."

నాకు వెంటనే నెత్తల్లి గుర్తొచ్చింది.

నెత్తల్లి అంటే చేప కాదు. మా మేనత్త కుక్క. బోగోలు దాటి సముద్రం వైపు వెళితే అత్తవాళ్ళ పల్లె. మామ వేటకు పోయేవాడు, అత్త చేపలు ఎండబెట్టేది. ఆ కుక్క పుట్టినప్పుడు నెత్తళ్ళ చేపలాగే సన్నగా, వెండి రంగులో ఉండిందట, ఆ పేరు పెట్టారు. పెరిగేసరికి ఇసుక రంగులోకొచ్చి, ఒక చెవి మడతపడి, ఎముకలు లెక్కపెట్టుకునేటట్టు తయారైంది. కానీ పనిలో మాత్రం దాన్ని మించింది ఆ ఒడ్డున లేదు. అత్త పాత వల పరిచి దాని మీద చేపలు ఆరబోస్తే, కాకులు ఎక్కడెక్కడివో కబురు పెట్టుకున్నట్టు వచ్చేవి. అత్త ఎంత దూరాన ఉన్నా సరే, "నెత్తల్లీ, ఉస్కో!" అని ఒక్క కేక పెడితే చాలు, అది వల చుట్టూ సుడిగాలిలా తిరిగి కాకుల్ని ఆకాశానికెత్తేది. అత్త చేపల్లో ఒక్కదానికీ ముక్కు గాటు ఉండేది కాదు. కొనేవాళ్ళు బండి దిగి నేరుగా అత్త దగ్గరికే వచ్చేవాళ్ళు. "నాదేముందయా, సగం పని దాందే" అని అత్త కుక్కని చూపించేది. మనుషుల్ని కూడా అత్త అంతగా మెచ్చుకోగా నేను చూడలేదు, నన్నయితే అసలు మెచ్చుకోనే లేదు.

ఆషాఢం వచ్చింది. ముహూర్తాలు లేవు, స్టూడియోలో ఈగలు తప్ప గిరాకీ లేదు. పదిహేను రోజులు సెలవడిగి అత్త ఇంటికి చేరాను. అత్త మురిసిపోయింది. "నా మీద ఎంత పేణమో చూడండే వీడికి" అని చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ చెప్పుకుంది. (ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.)

శిక్షణ మొదటిరోజు ఇంగ్లీషులో 'డౌన్' అన్నాను. ఊరికి కొత్తగా వచ్చినవాడు దారి అడుగుతుంటే చూసినట్టు చూసింది. రెండోరోజు నుంచి మన భాషలోకి దిగాను. మా వైపు పిలకాయల్ని పడుకోమనడానికి 'పొణుకో' అంటారు. ఒక చేత్తో ఎండు చేప చూపించి, రెండో చేత్తో వీపు మీద నొక్కి, "పొణుకోఓఓ" అని చివర సాగదీసేవాణ్ణి. పడుకుంటే చేప. లేస్తే లేదు. ఆ చేపలు ఎక్కడివంటారా? అత్త ఆరబోసినవే. పొద్దున జేబు నింపుకుంటే సాయంత్రానికి ఖాళీ. నాలుగోరోజుకి చెయ్యి వెయ్యకుండానే పడుకుంది. ఎనిమిదోరోజుకి నేను తాటిచెట్ల దగ్గర నుంచి అరిచినా సరే, గడ్డం ఇసుకకి ఆనించి, ముందుకాళ్ళు చాపి, చాపలాగా పరుచుకునేది. అంత బుద్ధిగా నేనెప్పుడూ ఏ బళ్ళోనూ కూర్చోలేదు. ఒక్క విషయం నాకు తట్టలేదు. కుక్కకు 'పొణు' వినపడలేదు. దానికి వినపడింది 'కో' మాత్రమే.

పదోరోజు స్టూడియోకి పోయి, ఎవరిదో ఓణీల ఫంక్షను రీల్లో మిగిలిన మూడు ఫోటోలతో కెమెరా అన్నకి చెప్పకుండా తెచ్చుకున్నాను. ఆ రోజు మామ పడవకి ఆ ఏటికల్లా పెద్ద వేట పడింది. అత్త నాలుగు వలలు పరిచి చేపలు ఆరబోసి, ఇంకో గంప తేవడానికి ఒడ్డుకి పోయింది. పోతూ, "రొంతసేపు చూస్తా ఉండబ్బయా, కాకులు" అని చెప్పి పోయింది. "నేనున్నా గదత్తా!" అన్నాను. నేను ఇసుకలో బోర్లా పడుకున్నాను. నెత్తల్లిని ఎదురుగా నిలబెట్టాను. "పొణుకో" అన్నాను. పడుకుంది. ఒకటి నొక్కాను. కెమెరా అద్దంలోంచి చూస్తుంటే మడత చెవి మీద ఎండ పడి ఎంత బాగుందో! రెండోది నొక్కాను. అప్పుడు వచ్చాయి కాకులు.

దూరం నుంచి అత్త చూసింది. నెత్తిన గంపతోనే కేకేసింది. "నెత్తల్లీ! ఉస్కో!"

నెత్తల్లి దిగ్గున లేచింది. సగం లేచాక 'కో' దాని చెవిన పడింది. ధబ్బున కూలబడి, గడ్డం ఇసుకకి ఆనించి, నా జేబు వైపు చూసింది.

"ఉస్కో! ఉస్కో!" అత్త గంప దింపి పరిగెత్తుకొస్తోంది. పక్క వలల ఆడవాళ్ళు కూడా అందుకున్నారు. ఒడ్డు పొడుగునా 'ఉస్కో'లే. వాళ్ళు ఎంత గట్టిగా అరిస్తే అది అంత భక్తిగా నేలకు అతుక్కుపోయింది. తోక మాత్రం ఆడుతోంది, ఇంతమంది కలిసి పడుకోమంటే ఎన్ని చేపలు పెడతారో అని. వెనకాల నాలుగు వలల మీదా కాకులు బంతికి కూర్చున్నట్టు కూర్చున్నాయి.

నేను లేచి తరమొచ్చు. రెండు అంగలు. కానీ అద్దంలో కుక్క అంత బాగా ఎప్పుడూ పడుకోలేదు, ఇంకొక్క ఫోటో మిగిలుంది. మూడోది నొక్కాను. ఆ తర్వాతే లేచాను.

అత్త నన్ను ఒక్క మాట అనలేదు. కుక్క పక్కన కూలబడి దాని కళ్ళు విప్పి చూసింది, ముక్కు తడి చూసింది. "ఏమైందే నా తల్లికి? ఎవరి కళ్ళు పడినాయే?" అని మిరపకాయలు దిగదుడిచింది. మెళ్ళో నల్లతాడు, తాడుకి గవ్వ కట్టింది. మర్నాడు మళ్ళీ కాకులు, మళ్ళీ ఉస్కో, మళ్ళీ చాప. మూడోరోజు మామ చూసి, "ముసిల్దైపోయిందిలే, దీంతో ఇంక పని గాదు. చేపల బండి కొడవలూరు పోతాంది, ఆడ వరి కయ్యల కాడ వొదిలేసొస్తే ఏదో ఒకటి తిని బతుకుద్ది" అన్నాడు.

అత్త నా వైపు తిరిగింది. "ఒరే, పదిరోజులు దాంతోనే ఆడుకున్నావు గదా. దీనికేమైందో నీకేమన్నా తెల్సా?"

జేబులో ఇంకా రెండు చేపలున్నాయి. చెబితే దొంగతనం బయటపడుతుంది, కెమెరా సంగతి రెడీ అన్న దాకా పోతుంది. "నాకేం తెలుసత్తా" అన్నాను. వచ్చే ఆదివారం వచ్చి, గుట్టుచప్పుడు కాకుండా ఆ విద్య మాన్పించేస్తే సరిపోతుందనుకున్నాను. ఆదివారం వచ్చేసరికి ఇసుకలో కాళ్ళ గుర్తులు కూడా లేవు.

మూడో ఫోటో అద్భుతంగా వచ్చింది. రెడీ అన్న దాన్ని చాలాసేపు చూశాడు. "కుక్క బాగుంది. ఎనక కాకులు ఇంకా బాగున్నాయి. వాటిక్కూడా నువ్వే నేర్పినావా?" అన్నాడు. చెప్పకుండా తీసుకుపోయినందుకు తిట్టి, కెమెరా ఇచ్చాడు. మూడు మండలాల్లో ఇప్పుడు నడివయసులో ఉన్న దంపతుల్లో సగంమందికి పెళ్ళి ఫోటోలు తీసింది నేనే. ఆ ఫోటో మాత్రం అత్తకు చూపించలేదు, రీలు పాడైపోయిందన్నాను.

అయినా మనసు ఊరుకోక సైకిలు మీద కొడవలూరు పోయాను. దేవుడి దయ, కనిపించింది! ఒక రైసు మిల్లు ముందు, ఆరబోసిన ధాన్యానికి కాపలా కాస్తోంది. ఒళ్ళు చేసింది. నేను దూరం నుంచి "పొణుకో" అనగానే పడుకుంది, దాంతోపాటు బస్తాలు మోసే ఇద్దరు మనుషులు కూడా ఎవరో పెద్దమనిషి చెప్పాడనుకుని పడుకున్నారు. మిల్లు ఆయన భార్య రోజూ పెరుగన్నం పెడుతోందట. వచ్చి అత్తకి ఇదంతా చెప్పాను. "అట్నా" అంది. నా దగ్గరికి జరిగి, "పెరుగన్నం తింటాందా!" అంది. ఆ పూట అత్త చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

ఒట్టు వేశాను కాబట్టి ఇప్పుడు చెప్పేస్తాను. మిల్లు లేదు.

సైకిలు మీద పోయిన మాట నిజం. మూడు ఊళ్ళు తిరిగాను. ప్రతి గట్టు మీదా ఆగి, "నెత్తల్లీ, పొణుకో! పొణుకో!" అని గొంతు పోయేలా అరిచాను. దానికి నా గొంతులో తెలిసిన మాట అదొక్కటే. మూడో ఊరి దగ్గర సైకిలు దిగి నీళ్ళు తాగుతుంటే తట్టింది. ఆ మాట వినపడితే కుక్క రాదు. ఎక్కడుంటే అక్కడే పడుకుంటుంది. పదిరోజుల్లో నేను దానికి 'రా' అని నేర్పలేదు. ఏ వరి మళ్ళ మధ్యనో గడ్డం నేలకి ఆనించి, నేను చేప తెస్తానని చూస్తూ ఉండిపోయిందేమో.

పోయిన ఏడాది ధైర్యం చేసి ఆ ఫోటో అత్తకి ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. బొటనవేలితో కాకుల మీద తుడిచింది, అవి పోతాయేమోనన్నట్టు. తర్వాత మడత చెవి మీద వేలు ఆనించి అలాగే ఉంచింది.

"అత్తా, ఆ రోజు..." అన్నాను.

"తెలుసులేరా" అంది. "నీ చొక్కాలు ఉతికింది ఎవరనుకున్నావు? జోబీ నిండా నెత్తళ్ళ వాసన."

అన్నేళ్ళుగా తెలిసి, అన్నేళ్ళుగా నాకు చేపల పులుసు వడ్డించిన మనిషి. అత్త ఫోటో ఒళ్ళో పెట్టుకుని గోడకి జారగిలపడింది.

"గమ్మునుండావేం? ఆ మిల్లు కాడ ఉండిందన్నావే, ఆ కత చెప్పు ఇంకోసారి."

చెప్పాను. ఈసారి దానికి నాలుగు పిల్లల్ని కూడా పుట్టించాను. నాలుగూ, పిలిస్తే పరిగెత్తుకొచ్చేవే.