నక్షత్రం గుర్తు వేసిన ప్రశ్న

కువైట్‌లోని రిగ్గైలో మా అపార్ట్‌మెంటుకీ ఎదురు విల్లాకీ కలిపి చెత్త డబ్బా ఒక్కటే. ఆ విల్లాలో పనిచేసే ఆమెకు బయటి గాలి తగిలేది ఆ డబ్బా దగ్గరే, అదీ సాయంత్రం పూట ఐదు నిమిషాలు. అన్నమయ్య జిల్లా మనిషి, ముప్ఫై ఏళ్లుంటాయేమో. నేను విజయవాడ దాన్ని. ఇక్కడి ఇండియన్ స్కూల్లో పౌరశాస్త్రం చెబుతాను. తెలుగు మాట వినపడితే కాళ్లు ఆగిపోయే జబ్బు నాకుంది. అలా రెండు చెత్త సంచుల మధ్య మాకు పరిచయమైంది.

రంజాన్ మొదలైన వారంలో ఒకరోజు ఆమె సంచి డబ్బాలో పడేసి, గేటు వైపు ఒకసారి చూసి గబగబా చెప్పింది.

"అక్కా, ఈద్ అయిపోతానే నన్ను మామా వాళ్ల తమ్ముని తోటకి పంపుతారంట. ఎడారిలో యాడో ఉండాదంట. ఆడ ఇంకో ఆడమనిషి లేదు. నలుగురు మగోళ్లు, గొర్రెలు, అంతే. నేను పోనంటే ఫోను పెరుక్కున్న్యారు."

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. పాస్‌పోర్టు ఆమె భర్త బీరువాలో ఉంది.

"మా ఊరి పక్కాయన డ్రైవరు ఉండాడు. శుక్రవారం బండి తెస్తానన్న్యాడు. ఎంబసీ కాడ దింపుతాడంట. పోయేదా అక్కా?"

నా బుద్ధి గడ్డి తిన్నది అప్పుడే. వద్దన్నాను. గేటు దాటితే పారిపోయిందని కేసు పెడతారు, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా పోతుంది, ఇన్నాళ్ల కష్టం మట్టిపాలవుతుంది అని హడలగొట్టాను. అన్నీ పద్ధతి ప్రకారం జరగాలన్నది నా పట్టుదల. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"నీ సంగతి లోక్‌సభలో అడిగిస్తాను. మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాలి. అప్పుడు నిన్ను ఎవరూ ఎక్కడికీ పంపలేరు" అన్నాను.

"ఢిల్లీలో అడిగితే ఈ ఇంటికి వినపడ్తాదా అక్కా?"

"వినపడేట్టు చేస్తాను" అన్నాను.

నేనేమీ గాలిలో కోటలు కట్టలేదు. మా పెదనాన్న కొడుకు ఢిల్లీలో ఒక ఎంపీ గారి దగ్గర సహాయకుడు. ప్రశ్న సభకు వచ్చిందంటే సంబంధిత శాఖ కదలాలి, ఎంబసీని వివరాలు అడగాలి, కాగితం కాగితాన్ని నెట్టాలి. ఏటా పిల్లలకు బోర్డు మీద బాణం గుర్తులు గీసి చెప్పే పాఠమే ఇది. ఆమె అంతా విని తలూపింది. "నీకు తెలుసు గదక్కా, సరే" అని శుక్రవారం బండి వద్దనుకుంది. ఆ నమ్మకం నాకు పొగడ్తలాగే తగిలింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

అన్నయ్యకు రెండు పేజీలు రాసి పంపాను. విల్లా, తోట, నలుగురు మగాళ్లు, అన్నీ. అతను ఫోన్ చేసి నవ్వాడు.

"చెల్లాయ్, ఇది ప్రశ్న కాదే, ఉత్తరం. నూట యాభై మాటలు దాటకూడదు. ఒక మనిషి గొడవ పెడితే అక్కడే పక్కన పడేస్తారు. విధానం గురించి అడిగినట్టుండాలి."

సరేనని కూర్చుని కోశాను. మొదటి కోతలో విల్లా పోయింది. రెండోసారికి ఆమె పోయి 'అన్నమయ్య జిల్లా మహిళా కార్మికులు' వచ్చారు. మూడోసారికి జిల్లా కూడా పోయి 'గల్ఫ్ దేశాలలో గృహ కార్మికులు' మిగిలారు. (అ) ఇబ్బందులు ఎదురవుతున్న మాట నిజమేనా, (ఆ) అయితే ఆ వివరాలేమిటి, (ఇ) తీసుకున్న చర్యలేమిటి, (ఈ) లేకపోతే కారణాలేమిటి. చదివి మురిసిపోయాను. పరీక్ష పేపరు కూడా అంత చక్కగా కుదరదు.

పదిహేను రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. నోటి జవాబు కావాలంటే నక్షత్రం గుర్తు వేయాలి, అలాంటివి రోజుకి ఇరవయ్యే. ఎవరిది ముందో లాటరీ తీస్తారు. మాది ఏడో నంబరు వచ్చింది, తేదీ ఈద్‌కి నాలుగు రోజుల ముందు. నేను ఎగిరి గంతేస్తే మా ఆయన, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నాడు. ఆ పూట అతనితో మాట్లాడలేదు.

ఈలోగా ఎదురింట్లో ఒక్కొక్కటే మారుతూ వచ్చాయి. వంటింటి కిటికీకి కొత్తగా ఇనుప చువ్వలు బిగించారు. తర్వాత మామా స్వయంగా గేటు దగ్గర నిలబడడం మొదలుపెట్టింది. చేతిలో జపమాల, చూపు మాత్రం డబ్బా మీద. దాంతో పనిచేసే ఆమె నాతో మాట్లాడడం మానేసింది. సంచి వేస్తూ కళ్లెత్తి, ఇంకెన్ని రోజులని చూపుతోనే అడిగేది. నేను కొంగు కింద వేళ్లు చూపించేదాన్ని. పది. ఎనిమిది. ఆరు చూపించిన సాయంత్రం ఆమె బుగ్గ మీద కమిలిన మచ్చ చూశాను. అయినా ఆరు రోజులే కదా అనుకున్నాను.

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇఫ్తార్‌కి చుట్టాలు వచ్చి ఉంటారు, పని ఎక్కువై ఉంటుంది అని సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఆ గేటు కొట్టాలంటే నాకు భయం. అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ రోజు వచ్చింది. ఢిల్లీలో పదకొండు అంటే ఇక్కడ ఎనిమిదిన్నర. రంజాన్ కాబట్టి స్కూలు ఆలస్యంగా మొదలవుతుంది. ఫోనుని వంటింటి గోడకు ఆనించి నిలబడ్డాను. మొదటి ప్రశ్న రైల్వే లైన్ల మీద. దానికి అనుబంధ ప్రశ్నలు, వాటికి మళ్లీ అనుబంధాలు. రెండో ప్రశ్నకి మంత్రి లేచేసరికి కొందరు సభ్యులు అట్టలు పట్టుకుని మధ్యలోకి వచ్చారు. నినాదాలు. కూర్చోండి కూర్చోండి అని పైనుంచి స్పీకరు బతిమాలడం. ఎనిమిది యాభైకి సభ ఢిల్లీ టైము పన్నెండింటి దాకా వాయిదా పడింది. పన్నెండింటికి ప్రశ్నల గంటే అయిపోతుంది. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా చూస్తూనే నిలబడ్డాను.

"ప్రశ్న పోయిందా అన్నయ్యా?"

"పోవడమేంటే! వంతు రాని ప్రశ్నలకి రాసిన జవాబు పెట్టేస్తారు. నీకు పంపాను చూడు."

(అ) నుంచి (ఈ) వరకు వివరాలతో కూడిన ప్రకటనను సభ ముందు ఉంచడమైనది, అని ఉంది. నా నాలుగు ముక్కలకీ కలిపి ఒకే వాక్యం. కింద ప్రకటనలో అసలు సంగతి ఉంది. కష్టంలో ఉన్న కార్మికులు నేరుగా ఎంబసీకి రావచ్చు, మహిళలకు అక్కడ ఆశ్రయం ఉంది, ఏ వేళైనా ఈ నంబరుకి ఫోన్ చేయవచ్చు. ఆ డ్రైవరుకు తెలిసిన ముక్కే అది. ఏ సభా అక్కర్లేకుండా అతను శుక్రవారం చేయబోయిన పనే. నేను వద్దని ఆపిన పనే.

ఆ సాయంత్రం విల్లా గేటు తీసుకుని సంచితో బయటికి వచ్చింది ఇథియోపియా అమ్మాయి. పాత ఆమె ఏదని సైగ చేశాను. "రాహత్. మజ్రా" అంది. వెళ్లిపోయింది, తోటకి. ఎప్పుడని అడిగితే ఐదు వేళ్లు చూపించింది, ఐదు రోజులైందని. ఈద్ దాకా ఆగలేదు వాళ్లు. సభకి ఉన్నట్టు వాళ్లకేం నోటీసు నియమం లేదు కదా.

మర్నాడు పొద్దున్నే మా ఆయనా నేనూ ఎంబసీకి వెళ్లాం. అక్కడి అధికారి కుర్చీ చూపించి, కాగితం దగ్గరికి లాక్కుని, ఓపిగ్గా విన్నాడు. విల్లా నంబరు రాసుకున్నాడు.

"మేం అడిగితే అలాంటి మనిషి మా ఇంట్లో లేదంటారు మేడం. మన దగ్గర వివరం గట్టిగా ఉండాలి. ఆమె పేరు చెప్పండి."

ప్రశ్న నంబరు చెప్పగలను. తేదీ చెప్పగలను. (అ) నుంచి (ఈ) దాకా కళ్లు మూసుకుని అప్పజెప్పగలను. ఆమె నన్ను అక్కా అనేది, నేను ఏమ్మా అనేదాన్ని. ప్రశ్నలో పేర్లు ఉండకూడదు కాబట్టి నాకు ఆ అవసరమే రాలేదు.

అధికారి పెన్ను ఎత్తి పట్టుకుని ఉన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆమె పేరు ఎన్నడూ అడగలేదు.