ఎంగిలి దోసె

యుద్ధం ముగిసిన రోజులవి. పుంగనూరులో నేను కొత్త కోడలిని. కుప్పంలో రైలెక్కి బెంగళూరు వెళ్లి, లాల్‌బాగ్ చూసి, హోటల్లో మసాలా దోసె తిని రావాలని నేనూ మావారూ అనుకున్నాం. ఆ ఊరు బాగా తెలిసినవారని బావగారిని తోడు రమ్మన్నాం.

ప్రయాణం సంగతి మాట్లాడుకుంటుంటే ఆయన అన్నారు: "ఆడోళ్లు ఓటల్లో కూర్సుంటే బాగుండదప్పా. అమ్మాయి సత్రంలో ఉండనీ. మనం తిని, ఆకులో మిగిలింది కట్టుకొస్తాం. మొన్న మా ఇంటామెకూ అట్లే తెచ్చినా. ఇంకా రోంత ఉండాది, రుచి సూడమ్మా."

పొట్లం విప్పారు. పంటిగాట్లు పడిన దోసె ముక్క జిగటగా సాగుతోంది. గుప్పున పులిసిన కంపు కొట్టింది.

"కొంచెం నోట్లో ఏసుకో. అన్న నొచ్చుకుంటాడు" అన్నారు మావారు.

"ముందు మీరు తినండి, సూస్తా" అని పొట్లం మావారి ముందుకు తోశాను. ఆయన ముక్కు మూసుకుని ముఖం తిప్పుకున్నారు.

"నేను బెంగళూరికి రాను" అని పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను.

అన్నదమ్ములిద్దరే వెళ్లొచ్చారు. ఆ దోసె కంపు ఎప్పుడో మరిచిపోయాను. తాను వాసన కూడా భరించలేని ముక్కను మావారు నన్ను తినమన్న ఆ మాట తలచుకుంటే మాత్రం ఇప్పటికీ రోత పుడుతుంది.