రెండోసారి ఎల్లాజీ

భావనపాడు ఎల్లాజీకి ఒకటి వచ్చు, రెండు వచ్చు, మూడు రాదు.

అలాగని చదువులేనివాడనుకునేరు! ఐసు ఫ్యాక్టరీ, రొయ్యల ఎగుమతి కంపెనీ, పద్నాలుగు లారీలు ఉన్న మనిషి. మూడు లెక్కలో వచ్చు, నోటికే రాదు. బతుకు మొదలెట్టింది ఒడ్డున చేపల వేలం పాడించడంతో. "ఒకటోసారి" అని ఉరిమేవాడు. "రెండోసారి" అని సాగదీసేవాడు. ఆ సాగదీతలో పచ్చి కోనాం ఎండుచేపయిపోతోందని షావుకార్లు తిట్టిపోసేవారు. వేలం మానేసి ఏళ్ళు గడిచినా ఆ అలవాటు మాత్రం నాలుక మీద పీటేసుకుని కూర్చుంది.

పెళ్ళిలో మొదటి ముడి వేసి "ఒకటోసారి" అన్నాడట. రెండోది వేసి "రెండోసారి" అని తలెత్తి పందిరంతా కలయజూశాడట. పెళ్ళికూతురు సుభద్రమ్మ వంచిన తల వంచినట్టే ఉంచి, "ఇంకెవులైనా పాడతారేమోనని సూస్తన్నావేటి మావా? కట్టెయ్యి!" అందట. ఆ మూడో ముడి ఆవిడ పుణ్యమే.

ఈ కథలేవీ తెలియకే విజయనగరం హరిబాబు, 2014లో ఎల్లాజీ ఎంపీగా నిలబడ్డప్పుడు ఆయన దగ్గర పీఏగా చేరాడు. ఇంగ్లీషులో ఎమ్మే, మాట్లాడేటంత హిందీ, ఢిల్లీలో ఓ ప్రభుత్వ క్వార్టరు దొరక్కపోదా అన్న ఆశ అతని ఆస్తులు.

మొదటి సభ కోటబొమ్మాళిలో. "మీకు రోడ్డు కావాలా? ఒకటోసారి!" అన్నాడు ఎల్లాజీ. "కావాల!" అన్నారు జనం. "రెం...డో...సారి!" అని ఆయన చెయ్యెత్తి నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. మైకువాడు టీ తాగి వచ్చాడు. గెలిపించకపోతే మైకు వదలడేమోనన్న భయంతోనే జనం ఓట్లేశారని ప్రతిపక్షం అభియోగం. హరిబాబు దాన్ని ఖండిస్తూ ప్రకటన రాశాడు గానీ, రాస్తున్నంతసేపూ అది నిజమేనేమో అనిపించింది.

ఢిల్లీలో ఈ జబ్బే వరమైంది. పార్టీ కార్యవర్గంలో పొత్తు గురించి పెద్దలు రెండు ముక్కలై అరుచుకుంటున్నారు. అధ్యక్షుడు విసిగి, "ఎల్లాజీ గారూ, మీరేమంటారు?" అన్నాడు.

"రెండోసారి," అన్నాడు ఎల్లాజీ.

హరిబాబు గబుక్కున లేచాడు. "సారు మరొక్కసారి ఆలోచించమంటున్నారు," అని హిందీలోకి మార్చేశాడు. వారం తిరక్కుండానే ఆ పొత్తుపార్టీ నిలువునా చీలిపోయింది. "ఏం దూరదృష్టి!" అని పత్రికలు మెచ్చుకున్నాయి. ఆ తరవాత అభిప్రాయాలున్న వాళ్ళంతా ఒక్కొక్కరే అలిగి బయటికి పోగా, ఏదీ తేల్చని ఎల్లాజీ మిగిలి జాతీయ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. దేశానికి నాయకులు ఇలా కూడా దొరుకుతారు.

2018లో తుపాను వచ్చి పడవలన్నిటినీ పుల్లలు చేసిపోయిన మూడోవారం, ఢిల్లీ నుంచి కబురొచ్చింది. ఎల్లాజీకి మంత్రి పదవి! ఆ రాత్రికల్లా పార్టీ అధ్యక్షుడి ముందుండాలి. విశాఖలో నాలుగింటికి విమానం. భావనపాడులో పదకొండున్నరకైనా బయల్దేరాలి.

ఆ ఉదయమే తుపాను షెల్టరులో పడవలు పోయినవాళ్ళ నష్టపరిహారం జాబితా ఎల్లాజీ ముందు చదువుతున్నారు. ఆ పూట మూసేస్తే ఇక పేరెక్కదు. పదకొండుకల్లా చదవడం అయిపోయింది.

"ఇంకెవులైనా ఉన్నారా? ఒకటోసారి!" అన్నాడు ఎల్లాజీ.

ముందు వరసలోంచి పదిమంది ఒక్కసారే అరిచారు. మత్స్యశాఖ అధికారి రాసుకున్నాడు. అందులో ఇద్దరికి అసలు పడవలే లేవని తేలితే కొట్టేశాడు.

"రెం...డో...సారి!"

పదకొండున్నరయింది. పన్నెండయింది. అధికారి కలానికి మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"సార్, విమానం!" అన్నాడు హరిబాబు.

"ఉండ్రా బాబూ."

ఢిల్లీ నుంచి ఫోను. ఎక్కడున్నారని. "దారిలో ఉన్నామండి," అన్నాడు హరిబాబు. "ఆ హోరేమిటి?" "ట్రాఫిక్కండి!" అన్నాడు, కిటికీ అవతల సముద్రాన్ని కోపంగా చూస్తూ.

ఒంటిగంటకి మళ్ళీ ఫోను. ఇంకా బయల్దేరనే లేదని తెలిసిపోయి, ఆ పదవి ఇంకొకాయనకి ఇచ్చేశారు. క్వార్టరు కళ్ళముందే కూలిపోవడంతో హరిబాబు ఎమ్మే మరిచిపోయాడు. "ఏటి సార్ ఇది! ఎవులి కోసం ఈ సాగదీత?"

ఎల్లాజీ గొంతు తగ్గించాడు. "అటు తిన్నగా సూడకు. స్తంభం పక్కన సేపలమ్ముకునే దేముడమ్మ. ఇప్పటికి నాలుగుసార్లు లేసింది, నాలుగుసార్లు కూసుంది."

"మరి మీరే పిలవొచ్చు కదా!"

"నాను పిలిస్తే ముష్టేసినట్టుంటాది. ఆవిడ పాడితే సరుకు ఆవిడిది." ఒడ్డు వైపు చెయ్యి చూపించాడు. "ఒడ్డు మీదా అంతేరా. ఒకటోసారికి షావుకార్లు పాడేస్తారు. తట్ట నెత్తినెట్టుకుని ఊళ్ళు తిరిగే ఆడమనిషికి నోరు రావాలంటే టైం పడతాది. ఆ టైం ఇంకెవుడిస్తాడు?"

హరిబాబు గడియారం చూసుకోవడం మానేశాడు.

మరో పావుగంటకి స్తంభం పక్కనుంచి పీలగొంతు వినిపించింది. "ఒక పడవ ఉండీది బాబూ... మా ఇంటాయన జోగయ్యది."

"ఆయన పోయి రెండేళ్ళయిందమ్మా," అన్నాడు అధికారి. "చనిపోయినవాళ్ళ పేరు మీద..."

"జోగయ్య పోతే, మొన్నటి దాకా మనుషుల్నెట్టి ఆ పడవని సముద్రంలోకి తోయించిందెవులు, దెయ్యమా?" అన్నాడు ఎల్లాజీ. "ఆవిడ పేరు రాయండి."

"వారసత్వం కాగితం నేను తెచ్చిపెడతానండి," అన్నాడు హరిబాబు. ఆ మాట తన నోట ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు.

పేరెక్కింది. అధికారి జాబితా మడవబోయాడు. ఎల్లాజీ మళ్ళీ చెయ్యెత్తాడు.

"రెం...డో..."

"ఇంకా రెండోదేటి నాయనా!" స్తంభం పక్కనుంచి దేముడమ్మ కేక షెల్టరు కప్పుని తాకింది. "బేగి మూడోది అనీ! నాకు బస్సు ఎల్లిపోతాది!"

షెల్టరంతా గొల్లుమంది. ఎల్లాజీ మొహం చాటంతయింది. మంత్రి పదవి వచ్చిందన్న కబురుకి కూడా అంత కాలేదు.

"ఇన్నావా?" అన్నాడు హరిబాబు భుజం మీద ఒక్కటి చరిచి. "నోరొచ్చేసినాది!"