దాత ఫారంలో మా ఆయన చెప్పిన అబద్ధం

2013 వానాకాలం. నారాయణగూడలో నేను పనిచేసే కాలేజీ ఆఫీసు అడ్మిషన్లతో కిటకిటలాడుతోంది. ఆ సోమవారం గంటలో ఐదుసార్లు బాత్‌రూముకి పరుగెత్తాను. తిన్నదేదో పడలేదనుకున్నాను. నాలుగో రోజుకి లేచి నిలబడితే కళ్లు తిరిగాయి.

బషీర్‌బాగ్‌లో గ్యాస్ట్రో డాక్టర్‌కి చూపించుకున్నాను. అంతకు ముందు చిగుళ్ల వాపుకి యాంటీబయాటిక్ వాడానని చెబితే స్టూల్ టెస్ట్ రాశారు. సి. డిఫ్ పాజిటివ్. ఆ మందుకి పేగులోని మంచి బ్యాక్టీరియా చచ్చి, సి. డిఫ్ అనే చెడ్డది పెరిగిందట. వాంకోమైసిన్ అనే మందుతో తగ్గింది. ఆపగానే తిరగబెట్టింది. అలా మూడుసార్లు. చీరలు ఒంటిమీద నిలవనంతగా చిక్కిపోయాను.

"ఇగ ఎఫ్.ఎం.టి. చేద్దామమ్మా" అన్నారు డాక్టర్. ఆరోగ్యవంతుల మలాన్ని సెలైన్‌లో కలిపి, వడకట్టి, కొలనోస్కోపీతో నా పేగులోకి పంపిస్తారు. "దాతను మీరే చూసుకోవాలె. రక్తం ఇచ్చేటోళ్లకన్నా ఎక్కువ పరీక్షలుంటయి."

అసహ్యపడే ఓపిక కూడా నాకు లేదు. మా ఆయన జ్వరమెరుగని మనిషి. ఆయన్నే తీసుకెళ్లాను.

డాక్టర్ ఫారం ముందుపెట్టుకుని ఒక్కొక్కటే అడిగారు. కామెర్లు వచ్చాయా, పచ్చబొట్టు ఉందా, కడుపు జబ్బులున్నాయా. అన్నిటికీ లేదన్నాడు.

"మూడు నెలల్ల యాంటీబయాటిక్స్ వాడిన్రా?"

"వాడిన సార్. పోయిన నెల, గొంతు నొప్పికి."

డాక్టర్ పెన్ను పక్కన పెట్టేశారు. "అయితే మీరు పనికిరారు."

మా ఇంట్లో ప్రతి మాత్రా నేనే తెచ్చి ఇస్తాను. ఆ ఏడాది ఆయనకి గొంతు నొప్పే రాలేదు. ఆయన ముఖంలోకి చూశాను. నావైపు తిరగలేదు. డాక్టర్ ముందు నేను నోరు విప్పలేకపోయాను. ఆ కోపం నా మీద నాకే ఉంది.

చిక్కడపల్లిలో మా ఇంటికి వెళ్లే ఆటోలో అడిగాను. "ఎందుకు అబద్ధం చెప్పిన్రు?"

"మనోళ్లకు తెలిస్తే ముఖం ఎట్ల చూపియ్యాలె? నువ్వు కూడా ఎవ్వరికి చెప్పకు."

"నేను చస్తే చూపిస్తరా?"



ఇంటి మనిషే కదా అని మా ఆయనే అడిగితే మా మరిది ఒప్పుకున్నాడు కానీ స్టూల్ టెస్టులో జియార్డియా అనే పేగు పరాన్నజీవి బయటపడింది. ఈలోగా రెండు వారాలు పోయాయి. డీహైడ్రేషన్‌తో పడిపోతే అడ్మిట్ చేశారు. క్రియాటినిన్ పెరిగింది, కిడ్నీల మీద పడుతోందన్నారు. ఆ మంచం మీంచే, ఎవరికీ చెప్పవద్దన్న మాట పక్కన పెట్టి, అంబర్‌పేట్‌లో ఉండే మా అక్కకి ఫోన్ చేశాను.

"గంతేనా? ముందుగాల నాకెందుకు చెప్పలే చెల్లె?" అంది.

ఈసారి అక్కని ప్రశ్నలు అడిగేటప్పుడు డాక్టర్ నన్ను గదిలోకి రానివ్వలేదు. హెచ్.ఐ.వి., హెపటైటిస్, స్టూల్ కల్చర్, అన్నీ నెగటివ్ వచ్చాయి. ప్రొసీజర్ అయిన మూడో రోజుకి, నాలుగు నెలల్లో మొదటిసారి, మందు లేకుండా మామూలుగా వెళ్లాను. బాత్‌రూములోనే కూర్చుని ఏడ్చాను.

ఏడాది దాటింది. మళ్లీ రాలేదు. ఆఫీసుకి వెళ్తున్నాను, పప్పన్నం తింటున్నాను.

"తగ్గింది గదా, ఇంకెందుకు కోపం?" అంటాడు మా ఆయన.

"నా వల్ల కాదని మీరు ముందే చెప్పి, ఎవ్వరికి చెప్పకు అనకుంటే అదే రోజు అక్కకు ఫోన్ చేస్తుంటి" అంటాను. ఆయనకి ఇప్పటికీ అర్థం కాదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ అవసరం వస్తే, దాతని డాక్టర్ ఒంటరిగానే ప్రశ్నించమనండి. రోగి బయట కూర్చోవాలి. ఇష్టం లేనివాళ్లు ఆ గదిలోనే ఇవ్వలేనని చెప్పగలగాలి. వాళ్లు కాదంటే మీరు ఆ రోజే ఇంకొకరిని అడగవచ్చు.