అన్న తుపాకికి గోళ్ళరంగు

కుప్పంలో కూతురింట్లో అన్న పోయాడని మొన్న వదిన ఫోన్ చేసింది. ఏడుస్తూనే, "నీ అంగట్లో ఎర్రరంగు కొనే మొగమనిషి ఇంక లేడమ్మా" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

పుంగనూరులో మా ఫ్యాన్సీ స్టోర్ పక్కిల్లే వాళ్ళది. మిలిటరీ నుంచి వచ్చి సేద్యం చేసుకునేవాడు. తోబుట్టువు కాకపోయినా నాకు అన్నే. మొదటిసారి వచ్చి గోళ్ళరంగు అడిగినప్పుడు, "వదినకా అన్నా?" అన్నాను. "తుపాకికమ్మా" అన్నాడు. ఇంకేముంది, అంగడి వదిలేసి ఆయన వెంట పోయాను.

అది పేలితే భుజం కమిలేటట్టు వెనక్కి తన్నే పెద్ద లైసెన్సు తుపాకి. దానిమీద మదనపల్లెలో బిగించిన స్కోపు, అంటే దూరాన్ని దగ్గర చేసి గురి చూపే గొట్టం. దాన్ని బిగించిన మరమేకు మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి గోళ్ళరంగుతో సన్నగా ఒక ఎర్రగీత గీశాడు. ఏ కాస్త కదిలినా గీత తెగుతుంది. గొట్టానికీ, దాన్ని పట్టుకునే పట్టీలకూ మధ్య కూడా అలాగే గీశాడు. పేలినప్పుడు స్కోపు ముందుకు జారితే తెలిసిపోతుందన్నాడు.

"తుపాకి ఎనక్కి కదా తన్నేది, స్కోపు యాల ముందుకు జారుతుంది?" అని అడిగాను.

"నిలబడుకోనుంటే బస్సు దబుక్కున కదిలితే ఏమయితాది? నువ్వు ఆడే ఉంటావు, బస్సు పోతాది. ఇదీ అంతే. అందుకే ముందుకు ఆనించి బిగించాల. పట్టీల్లో సుక్క నూనె ఉండగూడదు."

మరల్ని పెట్రోలుతో తుడిచి, ఒకటి కొంచెం, దాని ఎదురుది కొంచెం, మార్చిమార్చి బిగించేవాడు. "వియ్యంకుల్ని సూసుకున్నట్ల సూడాల. ఒకరికే మర్యాద సేస్తే ఇంగొకరు లేసిపోతారు" అనేవాడు.

ఒక ఏడు దసరా అయ్యాక, చౌడేపల్లె దగ్గర మా చిన్నమ్మ ఎద్దుకి పిచ్చిలేచింది. అంతకుముందెప్పుడో పిచ్చికుక్క కరిచింది. చొంగ కారుస్తూ పలుపు తెంపుకొని తోపులో దూరింది. కాల్చక తప్పదని పశువుల డాక్టరూ పోలీసులూ చెప్పారని కబురు రాగానే పక్కింటికి అన్న కోసం నేనే పరిగెత్తాను. గురి తప్పి గాయమే అయితే అది ఊరిమీద పడుతుంది. చిన్నమ్మ దిగులు వేరే, తను పెంచిన ఎద్దు నరకయాతన పడి చస్తుందేమోనని.

అన్న తుపాకి తీసి చూసి ఆగిపోయాడు. స్కోపు నిండా పసుపూ కుంకుమా. ఆయుధపూజకి వదిన అన్నకి చెప్పకుండా మరలు విప్పి, తుప్పు పట్టకూడదని పట్టీల లోపల కొబ్బరినూనె రాసి, మళ్ళీ బిగించి భక్తిగా బొట్లు పెట్టింది. కుంకుమ తుడిస్తే కింద ఎర్రగీత రెండు ముక్కలై ఉంది.

"దేవుడి పని కదా అని సేస్తిని" అంది వదిన, బిక్కమొహంతో.

"దేవుడు మెచ్చుకోనే ఉంటాడులే, స్కోపుకే నచ్చలేదు" అన్నాడు.

ఊరు తొందరపెట్టినా అన్నీ విప్పి, తుడిచి, బిగించాడు. ఊరి బయట మట్టిగట్టుకి సున్నం చుక్క పెట్టించి, గురి కుదిరేదాకా పేల్చి చూశాడు. "నోరులేని దానికి రెండో దెబ్బ వద్దు" అన్నాడు. అప్పుడే తోపులోకి పోయాడు. ఒక్క చప్పుడే వినపడింది.

చిన్నమ్మ దూరంగా గట్టుమీద నిలబడి ఉంది. "దానికి తెలిసిందా నాయనా?" అని అడిగింది.

"లేదమ్మా. సప్పుడు దాని సెవికి సేరకముందే పొయ్యింది."

ఆ మాటతోనే చిన్నమ్మ ఆ రాత్రి నిద్రపోగలిగింది. ఆయనకి నేను ఎప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆ రోజు ఎద్దుని గుంతలో పూడ్చేదాకా అన్న చిన్నమ్మ పక్కనే గట్టుమీద కూర్చున్నాడు. కుడిభుజం వాచి ఉంది. ఎడమచెయ్యి మాత్రం ఆ భుజం మీదికి పోలేదు, ఆమె చేతినే పట్టుకొని ఉంది.