గుర్రానికి లేని ఎముక

కావలిలో ఏనుగంత గుర్రం అస్థిపంజరాన్ని నేనొక్కడినే ఒక్క పూటలో నిలబెట్టానని మనవలకు చెబుతుంటాను. నిజానికి అది జట్కా గుర్రం, గాడిదకంటే జానెడు ఎత్తు. పట్టింది వేసవి సెలవులంతా.

బొగ్గింజను రైళ్ల కాలం. నేను హైస్కూల్లో సైన్సు అయివారిని. స్టేషనుకు జట్కా తోలే ఒకాయన ఉండేవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన గుర్రం ముసలిదై చనిపోతే, దాన్ని బడికిమ్మని అడిగాను.

"ఇస్తా గానీ అయివారా, మూటగట్టి బీరువాలో పెట్టబాకండి. అది నిలబడే నిద్రపొయ్యేది. నిలబెట్టాల," అన్నాడు. మాటిచ్చాను.

సముద్రం ఒడ్డున ఇసుకలో పాతిపెట్టాం. ఏడాది తిరిగాక తవ్వి తెచ్చి, ఎముకలు మిద్దె మీద ఆరబోశాను.

"వడియాలు ఎక్కడ పెట్టుకోమంటారు, దాని పక్కటెముకల మీదా?" అంది మా ఆవిడ.

వెన్ను కుదిరింది. వెనక కాళ్లు తుంటి గుంటల్లో చక్కగా కూర్చున్నాయి. ముందు కాళ్లతోనే వచ్చింది చిక్కు. భుజం దగ్గరి రెక్క ఎముకను ఛాతీతో కలిపే ఎముక, మనకు మెడ కింద చేతికి తగిలేది, ఎంత వెతికినా కనపడలేదు. మళ్లీ పోయి ఇసుక జల్లించాను.

"ఏం సామీ, గుర్రం మొలిచిందా?" అని వలలు బాగుచేసుకుంటున్న వాళ్ల నవ్వులు.

జట్కా అన్నే తన కొత్త గుర్రం బండిలో నన్ను వెనక్కి తెచ్చాడు. దారంతా బెంగే. "ముందు కాళ్లు అతక్కుంటే బోర్లా పడతాది గదా అయివారా?"

నేను గుర్రం భుజాలే చూస్తున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా రెక్క ఎముక చర్మం కింద పైకి జరిగి, మళ్లీ జారుతోంది. బండి ఆపించి, దిగి, ఛాతీ ముందు తడిమాను. ఎముకే లేదు, అంతా కండ. చీరతో కట్టిన ఉయ్యాలలో బిడ్డలా, దాని ఒళ్లు ఆ కండలో రెండు ముందు కాళ్ల మధ్య వేలాడుతోంది! గిట్ట నేలను ఎంత గట్టిగా కొట్టినా ఆ అదురు సగం ఉయ్యాలలోనే అణిగిపోతుంది.

"అన్నా, మనం వెతికే ఎముక గుర్రానికి అసలు ఉండనే ఉండదు!"

"లేనిదానికా నన్ను సముద్రం దాకా తిప్పినారు?"

కండకు బదులు ఇనప తీగెతో ముందు కాళ్లు తగిలించాను. చూడ్డానికొచ్చిన అన్న దాని చుట్టూ తిరిగాడు. నాలుగు కాళ్లూ నేలకు ఆనాయో లేదో వంగి చూసుకున్నాడు. అలవాటుగా నాలుకతో టక్కుమనిపించాడు. గుర్రం ఒకడుగు వేసింది.

సరే, వేయలేదు. వేస్తుందేమోనని ఇద్దరం కాసేపు ఆగి చూసిన మాట మాత్రం నిజం.