ఫ్యామిలీకి మాత్రమే

నా చిన్నప్పుడు ఫ్యామిలీ అంటే మా అమ్మ. గవర్నర్‌పేటలో ఆఫీసువాళ్ళెవరైనా ఎదురుపడితే నాన్న పక్కనున్న అమ్మను చూపించి, "మా ఫ్యామిలీ అండీ" అనేవారు. నేనూ తమ్ముడూ ఆయన చేతులు పట్టుకుని అక్కడే ఉండేవాళ్ళం. మేం పిల్లలం. ఫ్యామిలీ మాత్రం ఆవిడ ఒక్కతే. హోటల్లో పరదా వేసిన గదుల మీద కూడా ఆ మాటే రాసి ఉండేది. ఆ పరదా వెనక అమ్మ నిశ్చింతగా దోశ తినేది. భార్యను భార్య అనడానికి సిగ్గెందుకని, కాలేజీలో చేరాక నాన్నతో పోట్లాడాను. ఆయన మానలేదు.

నాన్న పోయారు. ఇప్పుడు ఆ మాటకు అర్థం పటమటలో ఇళ్ళ ఓనర్లు చెబుతున్నారు. మేముంటున్న ఇల్లు నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. అమ్మ మెట్లెక్కలేదు, కింది వాటాయే కావాలి. ఒకటి దొరికింది. గేటుకు బోర్డు: 'టు లెట్. ఫ్యామిలీకి మాత్రమే.' అమ్మను ఆటోలో కూర్చోబెట్టి, పై వాటాలో ఉన్న ఓనరమ్మ దగ్గరికి వెళ్ళాను.

"ఎంతమందండీ మీరు?"

"నేను, మా అమ్మగారు."

"అది సరే. ఫ్యామిలీ?"

"చెప్పాను కదండీ."

"అది కాదు మేడం, మీవారు..."

"నేను పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు."

"పోనీ ఆయన పేరు మీద రాయించండి. అప్పుడు ఫ్యామిలీ అయిపోద్ది."

అమ్మకు ఫోన్ చెయ్యడానికే తీరిక లేనివాడు అగ్రిమెంటులోకి వస్తే ఫ్యామిలీ అట. రోజూ ఆవిడకు మాత్రలిచ్చి, మోకాళ్ళకు నూనె రాసే నేను కాదట. ఒళ్ళు మండిపోయింది.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారండీ?" అన్నాను.

"నేనొక్కదాన్నే. ఆయన పోయారుగా."

"మరి మీ ఫ్యామిలీ?"

"నాది సొంతిల్లు కదమ్మా" అంది తేలిగ్గా.

కిందికి దిగి వచ్చేశాను.

"ఏమందే ఆవిడ?" అంది అమ్మ ఆటోలోంచి.

"మనం ఫ్యామిలీ కాదంట."

అమ్మ కాళ్ళతో చెప్పులు వెతుక్కుని దిగింది. నా భుజం పట్టుకుని గేటు దాకా నడిచి, తలెత్తి పై వాటా వైపు చూసింది. "ఏవండీ, ఫ్యామిలీ కావాలన్నారంట. నేనేనండీ. మావారు ఊరందరికీ అలాగే చెప్పేవారు."

ఓనరమ్మ పిట్టగోడ మీదికి వంగి నవ్వింది. మంచినీళ్ళు తాగుతారా అని కూడా అడిగింది. ఇల్లు మాత్రం ఇవ్వలేదు.